ఆర్మస్ జెండా రంగు

ఇల్మా హౌటలాకి గిట్టనివాళ్ళు ఎవరెవరని అడిగితే స్పార్ హార్బర్ ఊళ్ళో పేర్లన్నీ వరసగా చెప్పుకు రావలసిందే. కాకపోతే పై వరస ఎప్పుడూ ఎండాకాలం మనుషులదే. మంచు కరిగి సరస్సు నీళ్ళు నీలంగా తేలాయో లేదో, డెట్రాయిట్ నుంచీ గ్రాండ్ రాపిడ్స్ నుంచీ చెక్క మోటారు పడవలు ట్రైలర్ల మీద, ముసుగేసిన పెళ్ళికూతుళ్ళలా దిగేవి. వెనకే వాటి యజమానులు. తెల్ల ప్యాంట్లు, బంగారు దారం కుట్టిన టోపీలు. ఆ టోపీ కింద తలకాయల్లో ఒక్కదానికైనా పడవని గుంజకి కట్టే ముడి వెయ్యడం వస్తే తన కుట్టుమిషను సరస్సులో పారేస్తానని ఇల్మా పందెం కాసేది. ఆ మిషను ఇప్పటికీ వంటింటి కిటికీ దగ్గరే ఉంది.

నీళ్ళ మీద తిరగడానికి పుట్టిన పడవకి నీటిచుక్క తగలకుండా కాపాడుకోవడమే వాళ్ళ భక్తి. ఎవరిదైనా పిల్ల తడికాళ్ళతో ఎక్కిందా, కొంప తగలబడినట్టు కేకలు. ఏటా ఆగస్టులో పాత పడవల పండగ జరిగేది. ఆ ముందు రోజుల్లో మగవాళ్ళు పళ్ళు తోముకునే బ్రష్షులు పట్టుకుని ఇత్తడి మరలు తోముతూ కనిపించేవారు. ఇంట్లో ఏనాడూ తాగిన కాఫీ కప్పు కడిగి ఎరగని మొహాలు.

ఈ పడవల ముక్కు మీద చిన్న ఇత్తడి కర్ర ఉంటుంది. దానికి మూడు మూలల జెండా. ఒక్కో మనిషికి ఒక్కో రంగు, ఒక్కో గుర్తు. వెనకటి రోజుల్లో దూరాన్నుంచి జెండా చూసి, వచ్చేదెవరో పోల్చుకుని పొయ్యి మీద కాఫీ పెట్టేవారు. ఆ జెండాలు పాత పద్ధతిలో, ఉన్ని గుడ్డతో, గుర్తు రెండు వైపులా తేలేలా కుట్టేది ఆ చుట్టుపక్కల ఇల్మా ఒక్కతే. పోస్టులో తెప్పించుకునే నైలాను జెండాలకి పండగలో జడ్జీలు మార్కులు కోసేవారు. అందుకని ఆ టోపీలన్నీ ఆమె వంటింటి గుమ్మం ముందు వచ్చి నిలబడక తప్పేది కాదు.

ఇందులో ఇంకో వింత. వెనకటి రోజుల్లో జెండా అంచు పీలికలైతే ఆ పడవవాడికి తలవంపులు. పెళ్ళాం పుట్టింటికి పోయిందా అని ఎగతాళి చేసేవారు. ఇప్పుడేమో, కొత్త జెండా కుట్టించుకుని దాన్ని పాతదానిలా చేసిమ్మంటారు. ఇల్మా నల్ల టీ కాచి బకెట్లో పోసి, జెండా అందులో నానేసి, ఆరేసి, కొస అంచుని ఇనప బ్రష్షుతో గీకి పీలికలు చేసేది. కొన్నవాడు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "అబ్బ, ఎంత అనుభవం ఉందో చూడండి ఈ గుడ్డకి!" అని మురిసిపోయేవాడు. బకెట్లో రెండు పూటలు పడుకున్న అనుభవం. ఇల్మా మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. వాడు వెళ్ళాక మాత్రం, "పైన పటారం, లోన లొటారం" అన్నట్టుగా ఒక నిట్టూర్పు విడిచి, మిగిలిన టీ గులాబీ మొక్కకి పోసేది.

ఆమె చేపలు పట్టే ఇంట పుట్టింది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, మేనత్త సెల్మా దగ్గర వలలు అల్లడం, తెరచాపలకి అతుకులు వెయ్యడం నేర్చుకుంది. పెళ్ళాడింది ఆర్మస్ హౌటలాని. అతను చలికాలం పడవలు దాచే బోట్‌హౌస్‌లో మెకానిక్కు. ఒక చలికాలం మంచు బరువుకి బోట్‌హౌస్ కప్పు కూలి, డబ్బున్నవాళ్ళ పడవ ఒకటి కింద నలిగిపోతే, పొయ్యిలోకి పనికొస్తుంది తీసుకుపో అన్నారు. ఆర్మస్ దాన్ని ఇంటికి ఈడ్చుకొచ్చి, పలక తరవాత పలక మార్చి, మళ్ళీ పడవ చేశాడు. తల్లి పేరు పెట్టుకున్నాడు దానికి, లెంపి అని.

మెకానిక్కుకి జెండా ఏమిటని పడవల క్లబ్బు వాళ్ళు మొదట ముక్కు విరిచారు. తరవాత నడిసరస్సులో వాళ్ళ ఇంజన్లు ఆగిపోయి, ఆర్మస్ తాడు పట్టుకుని వస్తే తప్ప ఒడ్డుకి చేరలేని పరిస్థితి వచ్చేసరికి దారికొచ్చారు. ఆర్మస్ తన జెండా తనే గీసుకున్నాడు. ఎర్ర గుడ్డ, మధ్యలో తెల్ల గుండ్రం. గడ్డకట్టిన సరస్సు మీద చేపల కోసం తవ్విన కన్నం అది. కొత్తపెళ్ళికూతురుగా ఇల్మా కుట్టిన మొదటి జెండా అదే. జపాను జెండా తిరగేసి కుట్టావా అని ఊరంతా నవ్వింది. ఆర్మస్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ తరవాత అది చిరిగినప్పుడల్లా అదే రంగు, అదే గుండ్రం, కొత్తది కుట్టి పెట్టేది.

ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. జెండా మనిషిది, పడవది కాదు. పడవ ఎన్ని చేతులు మారినా మారుతుంది గానీ, మనిషి పోతే జెండా మడిచి శవపెట్టెలో అతనితో పంపేస్తారు. ఇంకెవరైనా దాన్ని ఎగరెయ్యాలంటే ఆ ఇంటివాళ్ళు సరే అనాలి. ఆర్మస్ మార్చిలో పోయాడు. నేల మంచుకి రాయిలా బిగిసి తవ్వడానికి వీల్లేక, మే నెల దాకా శవాన్ని శ్మశానం కొట్టులోనే ఉంచారు. నేల మెత్తబడ్డాక ఇల్మా జెండా ఇస్త్రీ చేసి, మడిచి, తన చేత్తో అతని చేతుల కింద పెట్టింది. ఎవరి ముందూ ఏడవలేదు. రుటబాగ దుంపంటే ఆర్మస్‌కి పడదని ఆమె మాంసం కూరి కాల్చే పేస్టీల్లో ఆ దుంప వెయ్యడం ఏనాడో మానేసింది. తనకి అదంటే ప్రాణం. అతను పోయాక కూడా దుంప లేకుండానే వండుకు తినేది.

షెడ్డులో లెంపిని చూస్తూ ఉండలేక ఆ ఏడే అమ్మేసింది. కొన్నది పక్క జిల్లా పడవల వ్యాపారి. తన ట్రక్కుకి కట్టి ఈడ్చుకుపోయింది క్లైడ్ బోద్రీ. ఆర్మస్‌కి చిన్ననాటి స్నేహితుడు, బోట్‌హౌస్‌లో కలిసి పనిచేసినవాడు. అంతటితో ఊరుకోక, ఆ వ్యాపారి దగ్గరే కూలికి కుదిరి, లెంపికి వార్నిష్ కొట్టి, వెనక రాసున్న పేరు గీకేసింది కూడా క్లైడే. "ఎద్దు పుండు కాకికి ముద్దు," అనుకుంది ఇల్మా ఆ సంగతి విన్నప్పుడు. ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. దుకాణంలో ఎదురుపడితే డబ్బాల మీద రాతలు చదివేది.

ఇలా ఉండగా ఒక జూన్ నెల పొద్దున రాండల్ ప్రూయెట్ వచ్చాడు. గ్యారేజీ తలుపుల వ్యాపారం అమ్ముకుని, ఏం చెయ్యాలో తోచక పాత పడవ కొన్నవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. మూడు వారాల్లో ఊళ్ళో అందరికంటే పెద్ద టోపీ అతనిదే అయింది.

"మిసెస్ హౌటలా మీరేనా? మీ చేతి కుట్టుకి సాటి లేదంటగా! నాకో జెండా కావాలి. అసలు సిసలు పాతకాలంది," అంటూ వంటింటి బల్ల మీద ఒక నలుపు తెలుపు ఫొటో పెట్టాడు. "క్లబ్బు ఆల్బంలో దొరికింది. ఇదే నా పడవ. అప్పట్లో దీని మీద ఏ జెండా ఉందో చూడండి. సరిగ్గా అదే కావాలి. జడ్జీలు నోరు తెరవాలి."

ఇల్మా కళ్ళద్దాలు పెట్టుకుంది. ఫొటోలో లెంపి. ఆ వ్యాపారి అమ్మింది ఇతనికన్నమాట. ముక్కు మీద తను కుట్టిన జెండా. చక్రం దగ్గర ఆర్మస్, టోపీ నీడలో మొహం సగం దాగి, ఎవరినో చూసి చెయ్యి ఊపుతున్నాడు. చెయ్యి ఊపింది తనకే. ఆ రోజు రేవు మీద నిలబడింది తనే.

"ఈ మనిషెవరో?" అంది, గొంతు మామూలుగానే పెట్టి.

"ఎవరో డ్రైవరు లెండి. అప్పట్లో పెద్దవాళ్ళు పడవ నడపడానికి జీతగాళ్ళని పెట్టుకునేవారుగా. ఆ చొక్కా చూస్తే తెలియడంలా?" అన్నాడు ప్రూయెట్. "వాడితో మనకేం పని. జెండా చూడండి."

ఇల్మా జెండానే చూసింది. వద్దు పొమ్మంటే ఇతను ఎందుకని నలుగురినీ అడుగుతాడు. ఊళ్ళో నోరు ఆగని వాళ్ళకి కరువా? ఎర్రది, తెల్ల గుండ్రం, వాళ్ళాయనది అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. వారం తిరక్కుండా పోస్టులో నైలాను జెండా వచ్చి లెంపి ముక్కు మీద ఎగురుతుంది. కట్టుబాటూ అదీ ఈ గ్యారేజీ తలుపులవాడికి ఎవరు చెప్పాలి, చెప్తే మాత్రం ఎక్కుతుందా?

"రంగు తెలియడం లేదని కదా మీ బాధ," అంది.

"అదే కదా! ఫొటోలో అంతా బూడిద రంగే. మీకేమన్నా తెలుసా?"

"తెలుసు. ఆకుపచ్చ. మధ్యలో పసుపు గుండ్రం."

"ఆహా! చెప్తుంటేనే కళ్ళకి కట్టినట్టుంది. ఇదిగో, టీలో బాగా నానెయ్యండేం? పాతబడాలి."

"నానేస్తాను. ఎంత పాతది కావాలంటే అంత," అంది ఇల్మా.

ఆ జెండాని ఆమె బతుకులో దేని మీదా పెట్టనంత శ్రద్ధతో కుట్టింది. పచ్చగుడ్డలో గుండ్రం కత్తిరించి, పసుపుగుడ్డ ఆ వైపూ ఈ వైపూ మడిచి, చిన్న చిన్న కుట్లతో బిగించింది. అబద్ధమైనా అతుకు ఊడకూడదు. కుడుతున్నంతసేపూ లోపల ఒక చల్లని సంతోషం. ఆర్మస్ రంగు ఆర్మస్ దగ్గరే ఉంది, నేలలో. ఈ మూర్ఖుడు ఏడాది పొడుగునా తిరిగినా దొరకదు.

పండగ రోజు రానే వచ్చింది. రేవు పొడుగునా పడవలు బారుతీరాయి. ప్రూయెట్ తన పడవకి "గోల్డెన్ అవర్" అని పేరు పెట్టుకున్నాడు. ముందు ఒక అట్ట మీద అందమైన అక్షరాలతో జెండా కథ రాయించాడు: పైను అడవుల మీద ఉదయించే సూర్యుడికి గుర్తుగా తొలి యజమాని ఈ జెండా ఎంచుకున్నాడట. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో. జనం ఆ అట్ట చదివి, తలలూపి, జెండాని ఫొటోలు తీసుకున్నారు. జడ్జీలు అంచు పీలికలు భూతద్దంతో చూసి నీలం రిబ్బను కట్టారు. 'పాతకాలపు వాస్తవానికి మొదటి బహుమతి' అని మైకులో చదువుతుంటే ఇల్మా ఎటూ చూడకుండా నిమ్మరసం తాగింది. వాస్తవమట.

మధ్యాహ్నం రేవు మీద పెద్ద గుండిగల్లో చేపలు, బంగాళాదుంపలు ఉడికించారు. బల్లల దగ్గర అందరూ చేరారు. ప్రూయెట్ రిబ్బను జేబుకి తగిలించుకుని, "ఈ జెండా తల్లి ఈవిడే!" అంటూ ఇల్మాని లాక్కొచ్చి ముందు నిలబెట్టాడు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు చివరి బల్ల దగ్గర్నుంచి క్లైడ్ లేచాడు. చేతిలో బీరు సీసా.

"నేనో మాట అడగనా? ఎవరూ నవ్వకండి. అది ఎర్రది కాదూ?"

"ఏది ఎర్రది క్లైడ్? నీ ముక్కా?" అన్నారెవరో. బల్లలన్నీ నవ్వాయి.

"ఆ జెండా. ఎర్రది. మధ్యలో తెలుపు. ఈ జూలై నుంచీ ఇతని దగ్గర కూలికి వారం వారం ఆ పడవ తుడుస్తున్నా. చూసినప్పుడల్లా ఎర్రది కదా అనుకుంటున్నా."

ప్రూయెట్ అతని భుజం తట్టాడు. "తాతా, అప్పుడే చెప్పానుగా, ఫొటో చూపించి మరీ కుట్టించానని. పెద్దతనం. నిన్న కూడా తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయావ్."

"వాళ్ళన్నయ్యకీ ఇలాగే మొదలైంది పాపం," అని ఒకావిడ పక్కావిడ చెవిలో అంది. చెవిలో అన్నమాటే గానీ అందరికీ వినిపించింది. క్లైడ్‌కీ వినిపించింది. సీసా బల్ల మీద పెట్టబోయి అంచున పెట్టాడు. అది దొర్లి కింద పడింది.

క్లబ్బు పెద్ద, ఆ ఏటి కమొడోర్, మార్జొరీ లాంగ్లీ అనే ముసలావిడ. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఎండాకాలం అక్కడే గడిపిన మనిషి. ఆవిడ కళ్ళు చికిలించింది. "ఆగండి. ఈ పడవ ఆర్మస్ లెంపి కదూ? పలకలు చూస్తే అలాగే ఉంది. ఇల్మా, నువ్వున్నావుగా, చెప్పు. ఎర్రదా, పచ్చదా? నాకైతే పచ్చే అనిపిస్తోంది ఇప్పుడు."

ఆ ముక్క ఇల్మాకి ముల్లులా దిగింది. పచ్చే అనిపిస్తోందట. అటు చూస్తే పాత ముసలాళ్ళు ఇంకొందరు కూడా, అవునవును, పచ్చే, పసుపు గుండ్రమే, అంటున్నారు. ఆర్మస్ తాడేసి ఒడ్డుకి లాగిన మొహాలే అవన్నీ. ఒక అట్ట ముక్క, ఒక రిబ్బను, అంతే. అన్నేళ్ళు కళ్ళెదుట ఎగిరిన జెండా తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది ఒక్క క్లైడ్. వాడి మాట అబద్ధమంటే ఆర్మస్ రంగు ఎవడికీ దొరకదు, గట్టిగా దాగినట్టే. క్లైడ్ మాత్రం రేపటి నుంచి ఊరికి పిచ్చివాడు. ఆ సంగతి అతనే నమ్మేస్తాడు కూడా.

నిజం చెప్తే? ప్రూయెట్ ఎర్రగుడ్డ కోసం రేపే వస్తాడు.

"క్లైడ్ చెప్పిందే నిజం. ఎర్రది. తెల్ల గుండ్రం. పచ్చ అని నేను అబద్ధం చెప్పాను," అంది ఇల్మా.

ప్రూయెట్ చెయ్యి జేబుకి తగిలించిన రిబ్బను మీదకి పోయింది.

"అబద్ధమా? ఎందుకూ? ఆర్మస్ ఎవరు?" అన్నాడు ప్రూయెట్.

"మీ ఫొటోలో డ్రైవరు. నా మొగుడు."

ప్రూయెట్ మొహం ఎర్రబడింది, తెల్లబడింది, చివరికి వెలిగిపోయింది. సిగ్గు అతని మీద నిలిచే రకం కాదు. "అయ్యో! మరి ముందే చెప్పొచ్చుగా మిసెస్ హౌటలా! అసలు ఈ కథ ఇంకా బాగుంది! వచ్చే ఏటికి ఎర్రది కుట్టండి. అట్ట మీద మీ ఆయన పేరు పెద్దక్షరాల్లో వేయిస్తా. ఆయనకీ గౌరవంగా ఉంటుంది."

మార్జొరీ గొంతు సవరించుకుంది. "జెండా మనిషిది, రాండల్. ఇంటివాళ్ళు సరే అంటేనే. ఇల్మా, ఇస్తావా?"

"ఇవ్వను."

"ఎందుకండీ? ఒక్క గుడ్డముక్కేగా!"

"అది ఆయన పెట్టెలో ఉంది. అంత కావాలంటే వెళ్ళి ఆయన్నే అడుక్కోండి," అంది ఇల్మా. "దోవ మీకు క్లైడ్ చెప్తాడు. వాడికి అన్నీ గుర్తే."

ఈసారి బల్లలు ఇంకో వైపు తిరిగి నవ్వాయి. గాలి ఎటు వీస్తే అటు నవ్వే బల్లలు. జడ్జీలు గుసగుసలాడి, రిబ్బను కుట్టు పనితనానికి ఇచ్చాం గానీ రంగుకి కాదని తేల్చారు. ఇచ్చింది వెనక్కి పుచ్చుకుంటే తమ భూతద్దం పరువు పోతుంది మరి. ప్రూయెట్ అక్కడికక్కడే ఆకుపచ్చ మీద పసుపు గుండ్రాన్ని తన సొంత జెండాగా క్లబ్బులో రాయించుకున్నాడు. పోయేదాకా ఇక అదే అతనిది. రేపు పెట్టెలో పెట్టేదీ అదే.

ఇల్మా నడిచి ఇంటికి బయలుదేరింది. గుట్ట మొదట్లో క్లైడ్ ట్రక్కు పక్కన వచ్చి ఆగింది.

"ఎక్కు ఇల్మా. ఎండగా ఉంది."

ఆమె ఎక్కింది.

"నా బుర్ర పోయిందనుకున్నా," అన్నాడు క్లైడ్. "వేసవంతా. పొద్దున్నే లేచి అన్నయ్య పిల్లల పేర్లు, మా బడి పంతుళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకునేవాణ్ణి. అన్నీ వచ్చేవి. ఆ జెండా దగ్గరికొచ్చేసరికి..."

"నీకు బుర్రెక్కడిది, పోవడానికి?"

"అదీ నిజమే." అతను ముక్కు తుడుచుకున్నాడు. "పాలకూర మీద గుడ్డు వేసినట్టుందే ఇల్మా ఆ జెండా. ఎలా కుట్టావే తల్లీ?"

"చేతులతో. నువ్వు లెంపి పేరు గీకినట్టే."

క్లైడ్ గేరు మార్చాడు. "ఇంకెవడో గీకితే పలక చెక్కేసేవాడు," అన్నాడు. "పక్కవాడు అప్పటికే ఉలి తీశాడు. నేనైతే మెల్లగా, వేడి చేసి తీశాను. ఒక్క గీత పడలేదు."

ఇల్మా కిటికీ అద్దం సగం దించింది. కింద రేవులో పడవలు వెనక్కి తిరిగి ట్రైలర్లు ఎక్కుతున్నాయి. కొన్నిటి ఇంజన్లు ఆ రోజు అసలు మొదలే కాలేదు.

"వాడు నడుపుతాడా దాన్ని?" అంది.

"వాడా! ఇంజను వేస్తాడు, చప్పుడు విని మురిసిపోతాడు, ఆపేస్తాడు. రేవు దాకా తెచ్చేది నేనే."

"ఎలా పోతోంది?"

"బాగానే." క్లైడ్ చెయ్యి వాల్చి చూపించాడు. "ఎడమకి లాగుతుంది. ఇంకా."

ఆర్మస్ బతికినన్నాళ్ళూ రేపు చూస్తా, వచ్చే వారం చూస్తా అంటూ దాటేసిన సంగతి అది. ఆ వ్యాపారి అంత డబ్బు పోసి అన్నీ విప్పి బిగించినా, ఆ ఒక్కటి ఎవరికీ చిక్కలేదన్నమాట.

"లాగనీ," అంది ఇల్మా. "నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు."